చలనచిత్రము చిన్న బిళ్ళలో ఇముడుట ఎట్లు?

పూర్వము తంతి పంపువారు మాటల లెక్కను రుసుము చెల్లించెడివారు. అందుచేత, అందుకొనువారు తమంతట తాము గ్రహింపగల మాటలను విడిచి, తప్పనిసరియైన వానినే వ్రాసెడివారు. ఒక చలనచిత్రమును అరచేతిలో పట్టు బిళ్ళపై నిలుపుటలోని కిటుకు కూడ ఇట్టిదే.

2006లో విపణికి వచ్చిన బ్లూరే బిళ్ళ వ్యాసము 12 సెంటీమీటర్లు. దానిలో ఒక పొరపై 2,500 కోట్ల బైట్లు, రెండు పొరలున్నచో 5,000 కోట్ల బైట్లు పట్టును. బైటు అనగా ఎనిమిది బిట్లు గల సమాచారపు కొలత. ఈ సంఖ్యలు గొప్పగా కనిపించును గాని, చిత్రమునకు కావలసినదెంతయో లెక్కవేసి చూతము.

ఈ బిళ్ళలపై సినిమా బొమ్మ అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలతో ఏర్పడును. మొత్తము 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగు తెలుపుటకు 3 బైట్లు, సెకండునకు 24 బొమ్మలు అనుకొన్నచో, సెకండునకు దాదాపు 15 కోట్ల బైట్లు అగును. రెండు గంటల చిత్రమునకు లక్ష కోట్లు దాటును. రెండు పొరల బిళ్ళ ఆరు నిమిషములకైనను చాలదు! కావున సమాచారమును కుదింపక తప్పదు. అట్లు కుదించి, తిరిగి విప్పు పద్ధతినే 'కోడెక్' అందురు.

ఇందు మూడు విధములైన పొదుపు గలదు. మొదటిది రంగులలో. మన కన్ను వెలుగునీడల తేడాను గుర్తించినంత నిశితముగా రంగుల తేడాను గుర్తింపలేదు. అందుచే వెలుగును ప్రతి చుక్కకును, రంగును మాత్రము నాలుగు చుక్కలకు ఒకసారియు నమోదు చేయుదురు. దీనితోనే భారము సగమగును.

రెండవది కాలములో. బాటపై ఎడ్లబండి పోవుచున్నదనుకొందము. ఒక బొమ్మకును తరువాతి బొమ్మకును చెట్లు మారవు, ఆకాశము మారదు. బండి మాత్రము కొంచెము జరుగును. ప్రతిసారి అంతయు వ్రాయనక్కరలేదు. ఏ భాగము ఎటు, ఎంత జరిగినదో తెలిపి, మిగిలిన తేడాను చేర్చిన చాలును.

మూడవది ఆ తేడాలో. దానిని చిన్న గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలో నెమ్మదిగా మారు ఛాయలను, సూక్ష్మమైన గీతలను వేరుచేయుదురు. 1974లో నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు అనువారు ప్రకటించిన 'డిస్క్రీట్ కొసైన్' గణితము ఈ పనికి పునాది. పిమ్మట కన్ను అంతగా పట్టించుకొనని సూక్ష్మాంశముల విలువలను ముతకగా సరిపెట్టుదురు. రంగులో తగ్గించినదియు, ఇచ్చట సరిపెట్టినదియు మరల రావు.

బ్లూరే బిళ్ళలకు మూడు కోడెక్కులను అనుమతించిరి: 1990ల నాటి ఎమ్‌పెగ్-2, 2003లో వెలువడిన హెచ్.264, మైక్రోసాఫ్ట్ రూపొందించిన వి.సి.-1. హెచ్.264 గళ్ళను అవసరమునుబట్టి చిన్నవిగా చేయును. పోలికకై ఒకటికి మించిన పూర్వచిత్రములను వెదకును. అందుచే ఎమ్‌పెగ్-2 కు కావలసిన దానిలో సుమారు సగముతోనే సమానమైన బొమ్మను ఈయగలదు. 2016లో వచ్చిన 4కె బిళ్ళలు 2013 నాటి హెచ్.265 ను వాడుచున్నవి.

అయితే కోడెక్ పేరు చూచి బొమ్మ నాణ్యమును నిర్ణయింపరాదు. ప్రమాణములు విప్పు విధానమునే శాసించును. కుదించు విధానమును తయారుచేయువాని నేర్పునకు వదలివేయును. పాత ఫిలిములోని సన్నని రేణువులు ప్రతి బొమ్మలోను వేరుగా నుండును. కావున వెనుకటి బొమ్మనుబట్టి వానిని ఊహింప వీలుకాదు. అవి ఎన్నో బిట్లను మ్రింగును. బిట్లు మిగుల్చుటకై వానిని తుడిచివేసినచో, వానితోపాటు చర్మపు ముడుతలు, బట్ట నేత కూడ చెరిగి, నటుల ముఖములు మైనపు బొమ్మలవలె తోచును.

కనుక బిళ్ళ చూచి ఆనందించుటకు తగినదే గాని, మూలమునకు బదులు కాదు. చలనచిత్రములను భావితరములకై భద్రపరచువారు మూలఫిలిమును, దానినుండి ఏమియు విడువక తీసిన ప్రతిని దాచవలెను. అవి నిలిచినంతకాలము, రేపటి మెరుగైన కోడెక్కుతో మరల మంచి బిళ్ళను చేయవచ్చును. బిళ్ళ ఒక్కటే మిగిలినచో, అందు విడిచిన దానిని ఏ కోడెక్కును తిరిగి తేజాలదు.