నల్లమలలో కాలినడక: అనుమతి ఎంతవరకు?

ఒంగోలు: శీతాకాలం ప్రవేశించగానే నల్లమల అడవుల సందర్శనకై బయలుదేరే విద్యార్థి బృందాలు, ప్రకృతి ప్రియులు, యాత్రికుల రాక పెరుగుతుంది. ఒంగోలు నుండి చీమకుర్తి, పొదిలి, మార్కాపురం మీదుగా పెద్దదోర్నాల చేరిన పిమ్మట శ్రీశైలం వరకు గల సుమారు 50 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు దాదాపుగా అడవి నడుమనే సాగుతుంది. మిరప కల్లాలు, పొగాకు బ్యారన్లు, గ్రానైట్ క్వారీలు చూసి వచ్చిన వారికి ఈ మార్గం వేరొక లోకమే. అయితే ఈ అడవిలో కాలినడకన ఎంత దూరం వెళ్ళవచ్చును, ఎక్కడ ఆగవలెను అన్న విషయమై సందర్శకులలోనే కాక కొన్ని వార్తా కథనాలలోనూ స్పష్టత కొరవడుతున్నది.

ముందుగా పేరు విషయం. నల్లమలను పలువురు “జాతీయ పార్కు”గా వ్యవహరిస్తున్నప్పటికీ, చట్టరీత్యా ఇది జాతీయ ఉద్యానం కాదు. రాష్ట్రంలో పాపికొండలు, శ్రీవేంకటేశ్వర వంటివి ఆ కోవకు చెందినవి. నల్లమల 1978లో అభయారణ్యంగా ప్రకటితమై, 1983లో ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి వచ్చి, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంగా ప్రసిద్ధి చెందినది. 2014లో రాష్ట్ర విభజన అనంతరం కృష్ణానదికి ఉత్తరాన గల భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా ఏర్పడినది. ఆంధ్రప్రదేశ్‌లో మిగిలిన భాగమే సుమారు 3,296 చదరపు కిలోమీటర్లు. విస్తీర్ణంలో దేశంలోని పులుల అభయారణ్యాలన్నిటిలోనూ ఇది పెద్దది. గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం దీనిని ఆనుకొని ఉన్నది.

ఈ భేదం మాటలకు పరిమితమైనది కాదు. జాతీయ ఉద్యానంలో ప్రజల హక్కులన్నీ రద్దవుతాయి. అభయారణ్యంలో కొన్ని హక్కులు కొనసాగే వీలున్నది. పెంటలలో నివసించే చెంచులు నేటికీ నల్లమలలో ఉండగలగడానికి ఇది ఒక కారణం. ఇక బయటివారి ప్రవేశాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 27, 28 సెక్షన్లు నియంత్రిస్తున్నాయి. ప్రజా రహదారి వెంట ప్రయాణించే వారికి అనుమతిపత్రం అవసరం లేదు. కనుకనే శ్రీశైలం బస్సులోని భక్తుడు ఏ పత్రమూ లేకుండా వెళ్ళగలుగుతున్నాడు. అదే భక్తుడు బస్సు దిగి, రోడ్డు విడిచి, వాగు వెంట లోనికి నడిస్తే చట్టాన్ని అతిక్రమించినవాడవుతాడు. పర్యాటకం, ఛాయాచిత్రణ, అధ్యయనం, పరిశోధన నిమిత్తం ప్రవేశానికి అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

నల్లమలలో నడక కొత్తగా వచ్చిన సరదా కాదు. రోడ్లు లేని కాలంలో శ్రీశైల మల్లికార్జునుని దర్శనానికి నడకే ఆధారం. అద్దంకి రాజధానిగా 14వ శతాబ్దంలో పాలించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి సోపానాలు కట్టించినట్లు చరిత్ర చెబుతున్నది. ఒంగోలు సీమకు, నల్లమల కాలిబాటకు గల సంబంధం అంత పాతది. ఆత్మకూరు వైపు వెంకటాపురం నుండి నాగలూటి, పెచ్చెర్వు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా సాగే దారిలో నేటికీ మహాశివరాత్రికి, ఉగాదికి వేలాది భక్తులు నడిచి వస్తారు. ఉగాదికి వచ్చేవారిలో కర్ణాటక, మహారాష్ట్ర భక్తులు అధికం. భీమునికొలను వద్ద లోయలోకి దిగి తిరిగి ఎక్కే రాతిమెట్లు ఎంతటి దృఢకాయునికైనా పరీక్షే. ఈ బాట తరతరాల ఆచారం దృష్ట్యా ఉత్సవ దినాలలో మాత్రమే, అటవీ సిబ్బంది పర్యవేక్షణలో అనుమతింపబడుతున్నది. తక్కిన రోజులలో దానిని ట్రెక్కింగ్ మార్గంగా పరిగణించరాదు. ఉగాది నాటికి అడవి ఎండి ఉంటుంది. ఆరని పొయ్యి ఒక్కటి చాలు, కొండంతా అంటుకోవడానికి. అభయారణ్యంలో నిప్పు పెట్టడం చట్టరీత్యా నేరం.

ఏడాదిలో అధిక కాలం సందర్శకులకు అందుబాటులో ఉండేవి అటవీశాఖ నిర్వహించే కేంద్రాలు. దోర్నాల–శ్రీశైలం మార్గంలోని తుమ్మలబైలు వద్ద జీపు సఫారీ, ఆత్మకూరు సమీపాన బైర్లూటి, గిద్దలూరు–నంద్యాల మార్గంలో పచ్చర్ల విడిది ఇందుకు ఉద్దేశింపబడినవి. స్థానిక చెంచు యువకులు వీటిలో ఉపాధి పొందుతున్నారు. ఏటా జూలై నుండి సెప్టెంబరు వరకు వానాకాలంలో సఫారీలు నిలిపివేయబడతాయి. ఇష్టకామేశ్వరి ఆలయానికి వెళ్ళదలచినవారు సైతం ఈ విరామాన్ని గమనించవలెను.

ఇక్కడి కొండలు హిమాలయాల వలె ఆకాశాన్ని అంటేవి కావు. గుండ్ల బ్రహ్మేశ్వరం శిఖరం 900 మీటర్లు దాటుతుంది, అంతే. నల్లమద్ది, చిరుమాను, టేకు, వెదురు చెట్ల నడుమ దుప్పి, కణితి, కొండగొర్రె, మనుబోతు, ఎలుగుబంటి, రేసుకుక్క, చిరుతపులి సంచరిస్తాయి. ఓపిక గలవారికి కొమ్మలపై బెట్టుడుత కూడా కనిపించవచ్చును. పెద్దపులి కనిపించడం మాత్రం అదృష్టం. 2018 అఖిల భారత అంచనాలో ఆంధ్రప్రదేశ్ పులులు 48 కాగా, 2022 అంచనాలో 63గా తేలినది. ఇంతటి అడవిలో అన్ని పులులు ఎంత దూరదూరంగా ఉంటాయో ఊహింపదగినది. డబ్బు చెల్లించినా పులి కనిపించలేదన్న అసంతృప్తి సందర్శకులలో అప్పుడప్పుడు వ్యక్తమవుతుంటుంది. కనిపించకుండా తిరగగలగడమే పులికి క్షేమమని వారికి నచ్చజెప్పడం సిబ్బందికి అంత సులువు కాదు.

మనిషికి, పులికి నడుమ దూరం తగ్గితే పరిస్థితి ఎంత క్లిష్టమవుతుందో 2023 మార్చిలో వెల్లడైనది. నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురం గ్రామ శివారున నాలుగు పులికూనలు తల్లి లేకుండా కనిపించాయి. తల్లిపులి జాడ వెదకి, కూనలను దాని చెంతకు చేర్చడానికి అటవీ సిబ్బంది రాత్రింబవళ్ళు శ్రమించినప్పటికీ ఫలితం దక్కలేదు. చివరకు వాటిని తిరుపతి జంతు ప్రదర్శనశాలకు తరలించవలసి వచ్చినది.

అడవిని ఎరిగినవారు చెంచులే. మల్లన్నను తమ అల్లునిగా భావించే ఈ గిరిజనులు బేస్ క్యాంపులలో రక్షకులుగా, పులుల అడుగుజాడలు గుర్తించేవారిగా పనిచేస్తున్నారు. అనుమతి పొందిన బృందమైనా స్థానిక మార్గదర్శి లేకుండా నడకకు పూనుకోవడం ప్రమాదకరం. పెంటలలో ఇండ్లలోకి తొంగిచూడడం, అడగకుండా ఛాయాచిత్రాలు తీయడం సందర్శకులు మానుకోవలెను. అది చెంచులు నివసించే చోటు, ప్రదర్శనశాల కాదు.

ఈ అడవి క్షేమంతో మైదాన ప్రాంతానికి ఉన్న లంకె గుండ్లకమ్మ. నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, మల్లవరం జలాశయం దాటి, ఒంగోలు సమీపాన సముద్రంలో కలిసే నది అది. వాలు మీద చెట్టు, గడ్డి ఉన్నంతకాలమే వాననీరు నిదానంగా దిగివస్తుంది. కాలిన కొండ మీద పడిన వాన మట్టిని కూడా వెంట తెస్తుంది.

దోర్నాల–శ్రీశైలం మార్గంలో రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు అటవీ గేట్లు మూసివేయబడతాయి. ఒంగోలు నుండి మధ్యాహ్నం తరువాత బయలుదేరేవారు దీనిని లెక్కలోకి తీసుకోవలెను. ఘాట్‌లో వాహనాలు ఆపి కోతులకు తినుబండారాలు వేయడం, ప్లాస్టిక్ సంచులు, సీసాలు విసరడం నిషిద్ధం. అధ్యయనం నిమిత్తం బృందాలను తీసుకువెళ్ళదలచిన విద్యాసంస్థలు ప్రయాణానికి ముందుగానే సంబంధిత డివిజనల్ అటవీ అధికారి కార్యాలయానికి దరఖాస్తు చేసుకొనవలెను.