అది మొండితనం కాదు, మరుపు జబ్బు!

అన్నం తిని చెయ్యి కడుక్కున్న పది నిమిషాలకే 'నాకింకా బువ్వ పెట్టలే' అంటారు. కోడలు పస్తులుంచుతోందని పక్కింట్లో చెప్పుకుంటారు. పొద్దుగూకేసరికి మూట సర్దుకుని 'మా ఇంటికి పోత' అంటూ గేటు దగ్గర నిలబడతారు. మనం 'చాదస్తం' అని కొట్టిపారేస్తాం. కానీ అది డిమెన్షియా కావచ్చు. మెదడు దెబ్బతినడం వల్ల వచ్చే ఈ సమస్యలో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. 2023లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి ఇది ఉంది. మగవారికంటే ఆడవారిలోనే ఎక్కువ.

కిష్టారెడ్డిపేట లాంటి చోట కష్టం ఇంకాస్త ఎక్కువ. కొడుకు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో షిఫ్టుకు వెళితే, కోడలు తన పనికి పోతుంది. పల్లెలో పుట్టి పెరిగిన పెద్దావిడకు ఒకేలా కనిపించే కాలనీ వీధుల్లో దారి తప్పడం ఎంతసేపు? రోడ్డెక్కితే లారీలు!

ముందు డాక్టరుకు చూపించండి

థైరాయిడ్ లోపం, బి12 లోపం, దిగులు జబ్బు, కొన్ని మందుల వల్ల కూడా మరుపు వస్తుంది. వీటికి చికిత్స ఉంది. ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లోనే తికమక పెరిగితే ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆలస్యం చేయకూడదు.

వాదన వద్దు

'ఇదే కదా మన ఇల్లు!' అని గద్దిస్తే భయం పెరుగుతుందే గానీ గుర్తు రాదు. 'పోదాంలే అత్తమ్మా, ముందు చాయ్ తాగుదాం. మీ ఊళ్లో చెరువు ఎంత పెద్దది?' అని అడిగి చూడండి. మాట మళ్లితే మనసు కుదుటపడుతుంది. సాయంత్రం చీకటి పడకముందే లైట్లు వేయండి.

చేతికి పని ఇవ్వండి. వెల్లుల్లి ఒలవడం, చిక్కుడుకాయలు గిల్లడం, బట్టలు మడత పెట్టడం. సరిగా చేయకపోయినా తప్పు పట్టకండి. నిన్నటి సంగతి మరిచినవారికి కూడా చిన్ననాటి బతుకమ్మ పాట గుర్తుండవచ్చు. కలిసి పాడండి.

బయటికి వెళ్లేటప్పుడు గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయండి. ఇంట్లో ఒంటరిగా పెట్టి తాళం వేయకండి, తోడు చూడండి. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ పెట్టించండి. పేరు, ఫోన్ నంబరు రాసిన కార్డు మెడలో వేయండి. పక్కింటివారికి, కిరాణా కొట్టువాళ్లకు విషయం చెప్పి ఉంచండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

కోడలొక్కతే ఎందుకు?

రాత్రి నిద్ర లేక, పగలు విశ్రాంతి లేక కోడలు విసుక్కుంటే 'ఓపిక లేని మనిషి' అంటారు. అసలు తప్పు భారమంతా ఒక్కరి మీద వేయడంలో ఉంది. సెలవు రోజున స్నానం, అన్నం, మందులు కొడుకు చూసుకోవాలి. ఆడబిడ్డలు, మరుదులు వంతు వేసుకోవాలి. సలహా కోసం వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు, మీ మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు.

పెద్దావిడకు మీ పేరు గుర్తుండకపోవచ్చు. మీరు ప్రేమగా పలకరించారో, కసిరారో మాత్రం ఆమె మనసుకు తెలుస్తుంది. అలా ప్రేమగా పలకరించే ఓపిక ఉండాలంటే, మీక్కూడా రాత్రి కంటినిండా నిద్ర ఉండాలి. అది ఇంట్లోవాళ్లను అడిగి తీసుకోండి!