పొగవాసన గల పెరుగుపూత

పచ్చికూరలు దేహమునకు మేలుచేయునని యెఱుగని గృహిణి నేటి దినములలో లేదు. కాని యెఱుగుట వేఱు, బిడ్డలచేత తినిపించుట వేఱు. కీరదోస ముక్కలును, ముల్లంగి చక్రములును, క్యాబేజీ తురుమును పళ్లెమున నుంచి యెదుట బెట్టినచో పిల్లలు మొగము చిట్లింతురు. పెద్దలు మర్యాదకై రెండు ముక్కలు తిని చేయి కడుగుకొందురు. ఆ ముక్కలకే కమ్మగను, కారముగను నుండు చిక్కని పదార్థ మొకటి పట్టించినచో వారే మాఱు వడ్డింపుమందురు. పాశ్చాత్యులు దీనిని డ్రెస్సింగు అందురు. కూరముక్కల నంటిపెట్టుకొని యుండునది గావున మేమీ వ్యాసమున దీనిని పూత యని పిలుతుము.

ఇటీవల పట్టణములందలి ఫలహారశాలలలో పొగవాసన, కారము, వెన్నవంటి నునుపు అను మూడు గుణములును గల పూత మిక్కిలి వాడుకలోనికి వచ్చినది. అంగళ్లలో సీసాలలో నమ్ముచున్నారు. ఇంట చేసికొనుట సులభము. అంతేకాదు, ఇంట చేసికొనుటయే క్షేమము. ఏలయనగా నీ మూడు గుణములయందును మూడు చిక్కులు దాగియున్నవి. నునుపు పచ్చిగ్రుడ్డునుండి రాదగదు. పొగ వంటయింటిని నింపదగదు. కారము పాళము తప్పదగదు. చేయువారికి కొలత తెలిసినపుడే యివి గుణములుగా నిలుచును.

ఈ రుచి పుట్టినిల్లు

ఈ రుచికి పుట్టినిల్లు మెక్సికో దేశము. ఆ దేశమందలి వేరక్రూజ్ రాష్ట్రమున హలాపా యను పట్టణము గలదు. దాని పేరిట హలపెన్యో యను మిరపజాతి ప్రసిద్ధికెక్కినది. ఆ కాయ దళసరి కండ గలది. మన మిరపవలె నెండలో సులువుగా నెండదు. అందుచేత నచ్చటివారు పండిన కాయలను కట్టెపొగలో దినములకొలది యుంచి యెండింతురు. అట్లెండిన కాయకు చిపోట్లే యని పేరు. ఆ దేశపు ప్రాచీనభాషయగు నహువాటులోని మిరప, పొగ యను రెండు మాటలు కలిసి యీ పేరైనది. పొగమిరప యని మనము చెప్పుకొనవచ్చును.

దాని పొరుగుననున్న అమెరికాలో మజ్జిగ, మయొనేజు, వెల్లుల్లి, సువాసనగల యాకులు కలిపి చేయు రాంచ్ అను పూత గలదు. 1950 తరువాతి దశకమున కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా సమీపమున స్టీవ్ హెన్సన్ అను నతడు తన యతిథిగృహమున వడ్డించుటచే నది పేరుగాంచెను. ఆ మజ్జిగపూతలో పొగమిరప కలిపినదే నేడు సీసాలలో మనకు కనబడు పదార్థములలో నొకటి.

ఇది పరదేశపు రుచి గదా, మనకేల యని యెవరైన నడుగవచ్చును. మిరప మాత్రము మనదా? అదియు నా ఖండమునుండియే పోర్చుగీసువారి యోడలపై 16వ శతాబ్దమున మన పడమటి తీరమునకు వచ్చినది. అంతకుముందు మన పూర్వుల వంటలలో కారమనగా మిరియములు, పిప్పళ్లు, అల్లము మాత్రమే. కావున మెక్సికోవారి పొగమిరపయు, మన గుంటూరు మిరపయు నొకే యింటి యాడుబిడ్డలు. వేర్వేఱు దేశములకు కాపురమునకు వెళ్లిరి.

నునుపు

సీసాలలోని పూతకు నునుపు సాధారణముగా మయొనేజువలన వచ్చును. గ్రుడ్డులోని పచ్చసొనను నూనెతో చిలికినచో వెన్నవలె చిక్కబడును, అదియే మయొనేజు. దానిని పొయ్యిమీద పెట్టరు. పచ్చిగ్రుడ్డునందు సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి యుండినచో నది చావక, వేడిదేశమున గంటలలో పెరిగి, వాంతులను, విరేచనములను, జ్వరమును కలిగించును. 2024 అక్టోబరులో హైదరాబాదు నగరమున వీథిలో నమ్మిన ఫలహారము తిని పలువురు జబ్బుపడిరి; ఒక స్త్రీ మరణించినది. పిమ్మట తెలంగాణ ప్రభుత్వము అక్టోబరు 30వ తేదీ మొదలుకొని యొక సంవత్సరకాలము పచ్చిగ్రుడ్లతో చేసిన మయొనేజును నిషేధించెను. 2025 ఏప్రిలులో తమిళనాడు ప్రభుత్వమును నట్టి యాజ్ఞనే జారీచేసెను.

మనకు గ్రుడ్డుతో పనిలేదు. గట్టి పెరుగును గుడ్డలో మూటగట్టి వ్రేలాడదీసినచో తేట దిగిపోయి, వెన్నవంటి ముద్ద మిగులును. ఇది మనకు క్రొత్త విద్య గాదు. ఇట్లు నీరు తీసిన పెరుగులో చక్కెరయు సుగంధద్రవ్యములును కలిపి చేయు రసాలను పూర్వపు పాకశాస్త్రములు పొగడినవి. మఱియు మిరపలోని మంటకు పెరుగే తగిన జోడు. ఆ మంటకు కారణమగు కాప్సైసిన్ అను ద్రవ్యము నీటిలో కరగదు, కొవ్వులో కరగును. పాలయందలి కేసీను అను మాంసకృత్తు దానిని పట్టి నాలుకనుండి తొలగించును. కారము తిని నీరు త్రాగిన బిడ్డకు మంట తగ్గకుండుటయు, పెరుగన్నము తిన్నచో తగ్గుటయు నిందువలననే.

పొగ

తార్కికులు కొండపై పొగను జూచి నిప్పు నూహింతురు. మన ముత్తవ్వలకు కట్టెపొయ్యి యొద్ద నూహతో పనిలేకుండెను. ఆ రెండును వారి కన్నులయెదుటనే యుండెడివి. తడికట్టెలను ఊదుగొట్టముతో నూదియూది వారి కన్నులు ఎఱ్ఱబాఱెను, ఱొమ్ములు దగ్గుతో నిండెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కనుబట్టి 2020వ సంవత్సరమున ఇండ్లలోని వంటపొగచే చెడిన గాలివలన ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరి. పొయ్యి యొద్ద నెక్కువకాల ముండువారు స్త్రీలును, వారి చంకలోని బిడ్డలును గావున నీ బాధలో పెద్దపాలు వారిదే. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ప్రారంభమైన దీపము పథకమును, 2016లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ఉజ్జ్వల పథకమును గ్యాసుపొయ్యిని పేదయిండ్లకు చేర్చుటకై యేర్పడినవే.

గ్యాసు వచ్చిన పిదప, "కుంపటిమీద కాల్చిన వంకాయ రుచి యిప్పుడెక్కడిది?" యని పెద్దలనుట మనమందఱము వినుచున్నాము. ఆ మాట యబద్ధము గాదు. కాని పాతరుచిని కోరువారు పొయ్యి నూదువా రెవరో కూడ చెప్పవలెను. రుచికొఱకు పొయ్యియంత పొగ యక్కఱలేదు; ఒక్క నిప్పుకణిక చాలును. లక్నో, హైదరాబాదు పట్టణముల వంటలలో దుంగార్ అను పద్ధతి గలదు. వండిన పదార్థము నడుమ చిన్నగిన్నె నుంచి, అందులో కాలిన బొగ్గుకణికవేసి, దానిపై నేయి చుక్కలు విడిచి, మూతపెట్టుటయే యా పద్ధతి. మనలోను కొన్ని యిండ్లలో ఊరగాయ జాడీకి ఇంగువపొగ పట్టించు నాచారము గలదు. పొగలోని సువాసన కొవ్వును త్వరగా నంటుకొనును. అందుచేత మీగడపెరుగు రెండు మూడు నిమిషములలోనే దానిని పీల్చుకొనును.

కావలసిన వస్తువులు

గట్టి పెరుగు 500 గ్రాములు, మీగడ రెండు పెద్ద చెంచాలు, వరంగల్లు చపాటా మిరపకాయలు గాని బ్యాడగి మిరపకాయలు గాని నాలుగు, గుంటూరు మిరపకాయ యొకటి, టొమాటో చిన్నది యొకటి, వెల్లుల్లి రెబ్బలు మూడు, వేయించి పొడిచేసిన జీలకఱ్ఱ అరచెంచా, నువ్వులనూనె యొక చెంచా, నిమ్మచెక్క యొకటి, బెల్లము కొద్దిగ, ఉప్పు ముప్పాతిక చెంచా. పొగకై కట్టెబొగ్గు గాని కొబ్బరిచిప్ప బొగ్గు గాని చిన్నముక్క యొకటి, నేయి పావుచెంచా, లవంగ మొకటి.

మిరపవిషయమున నొక మాట. 1912లో స్కోవిల్ అను శాస్త్రజ్ఞు డేర్పఱచిన కొలతప్రకారము హలపెన్యో కారము 2,500 మొదలు 8,000 వఱకు నుండును. గుంటూరు సన్నమునకు 35,000 పైమాటయే. పరదేశపు పుస్తకమునుజూచి కాయకు కాయ గుంటూరు మిరప వేసినచో నా పూత నెవరును నోట బెట్టజాలరు. చపాటా మిరప లావుగా, మిక్కిలి యెఱ్ఱగా నుండి కారము తక్కువగా గలది. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. రంగున కది, కారమునకు గుంటూరుకాయ యొక్కటి. కారము మఱియు తగ్గింపదలచినచో కాయను చీల్చి లోపలి తెల్లని యీనెను తీసివేయవలెను. మంట ముఖ్యముగా నుండునది యచ్చటనే, గింజలలో గాదు.

చేయు విధము

పెరుగును పలుచని శుభ్రమైన గుడ్డలో మూటగట్టి రెండు గంటలు వ్రేలాడదీయవలెను. వేసవిలో నిట్లు బయట నుంచినచో పులియును గావున జల్లెడలోనుంచి, క్రింద గిన్నె పెట్టి, రిఫ్రిజిరేటరులో నుంచుట మంచిది. దిగిన తేటను పాఱబోయక పిండి కలుపుటకో, చారులో పోయుటకో వాడుకొనవచ్చును.

ఈలోగా మిరపకాయలను సన్నని సెగపై పెనమున వేయించవలెను. కాయ పొంగి, కమ్మని వాసన వచ్చినపుడే తీయవలెను, నల్లబడినచో చేదెక్కును. పిదప గోరువెచ్చని నీటిలో నిరువది నిమిషములు నానవేయవలెను. టొమాటోను, పొట్టుతో నున్న వెల్లుల్లిని మంటపై తొక్క మాడువఱకు కాల్చి, పొట్టు తీయవలెను. ఇవియు, నానిన మిరపకాయలు, జీలకఱ్ఱ, ఉప్పు, బెల్లము, నూనెయు కలిపి రోటిలో గాని మిక్సీలో గాని మెత్తగా నూరవలెను. పెరుగును మాత్రము మిక్సీలో వేయరాదు, పలుచనైపోవును. పెరుగుముద్దను మీగడతో కలిపి గరిటెతో నునుపుగా గిలకొట్టి, నూరిన ముద్దను కొంచెము కొంచెముగా చేర్చుచు రుచి చూచుకొనవలెను. చంటిపిల్లలకు కావలసిన పాలు కారము కలుపకముందే తీసియుంచవలెను. తుదకు నిమ్మరసము పిండవలెను.

ఇక పొగ. ఈ పని వంటయింటిలో గాక పెరటిలోనో, గాలివచ్చు వరండాలోనో చేయవలెను. బొగ్గుముక్కను పట్టకారుతో పట్టి యెఱ్ఱగా కాల్చవలెను. పెరుగుగిన్నె నడుమ చిన్న యుక్కుగిన్నె నుంచి, కణికను, లవంగమును దానిలో వేసి, నేయి విడిచి, వెంటనే మూత వేయవలెను. నేయి పడగానే మంట లేచుట గలదు. కావున కొంగు నడుమున దోపుకొని, బిడ్డలను దూరముగా నుంచి చేయవలెను. మూడు నిమిషములకంటె నెక్కువ యుంచినచో సువాసన పోయి మాడుచేదు మిగులును. పిమ్మట కణికను నీటిలో వేసి యార్పవలెను. రాక్షసిబొగ్గును, త్వరగా నంటుకొనుటకై మందులద్దిన బొగ్గును ఆహారమునకు వాడరాదు. బొగ్గు మండుచున్నంతసేపు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగులేదు, వాసనలేదు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిదురించువారిని చంపునది యిదియే.

వడ్డించు విధము

కూరముక్కలను కడిగి, గుడ్డతో తడి యొత్తిన పిదపనే పూత పట్టించవలెను. ఉప్పు తగిలినతోడనే కీరదోసయు, టొమాటోయు నీరు విడుచును. అందుచేత విస్తరి వేసిన తరువాత కలుపుటయే పాడి. క్యాబేజీ, క్యారెట్టు, ముల్లంగి, ఉడికించిన సెనగలు, వేరుసెనగలు దీనికి చక్కగా నొప్పును. శ్రీరామనవమినాటి వడపప్పు మిగిలినచో దానికిని కలిపి చూడవచ్చును. జొన్నరొట్టెకును, కాల్చిన మొక్కజొన్నకంకికిని, ఉడికించిన చిలగడదుంపకును కూడ నిది మంచి జోడు. మూతగల గాజుసీసాలో రిఫ్రిజిరేటరునందు రెండు దినములు నిలువయుండును. ఆ సౌకర్యము లేని యింట నేటిది నేడే ముగింపవలెను.

సోదరీమణులారా! పొగవాసనను మన పెద్దలు కోరుట తప్పుగాదు. పిల్లలు క్రొత్తరుచులకు మనసుపడుటయు తప్పుగాదు. ఆ కోరిక తీర్చుటకై మన కన్నులను మఱల పొగపాలు చేయుటయు, ఊరుపేరు తెలియని గ్రుడ్డుముద్దను బిడ్డల నోట బెట్టుటయు మాత్రము తగదు. ఒక నిప్పుకణిక, ఒక పెరుగుమూట, ఐదు మిరపకాయలు — వీనితో నా రుచి యింటనే లభించుచున్నది. పెరటిలో కణిక నుంచి మూతవేయు పని యింటి మగవారికో, యెదిగిన కుమారునికో యప్పగించినచో మఱియు మేలు. తరతరములుగా ఆడువారు మ్రింగిన పొగలో మూడు నిమిషముల పాలైన వారికిని తెలియును.