చదునైన ఆకు దొప్పగా మారే విధం

ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్ళేలు, కప్పులు, గ్లాసులు 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధానికి లోనయ్యాయి. వాటి స్థానంలో వాడదగిన వస్తువు దక్షిణ ఒడిశాలోని తెలుగు కుటుంబాలకు కొత్తది కాదు. ఒడియావారు సియాళి అని పిలిచే ఆకునే తెలుగువారు అడ్డాకు అంటారు. రాయగడ, కొరాపుట్ అడవులలో లభించే ఈ ఆకుతో విస్తళ్ళు, దొప్పలు కుట్టడం ఎందరో స్త్రీలకు జీవనాధారం.

దొప్ప కుట్టడం చూపులకు తేలిక. అందులో ఇమిడిన లెక్క మాత్రం గట్టిది. ఆకు వంగుతుంది గాని సాగదు. పిండి ముద్దను వేళ్ళతో నొక్కి గిన్నెలా మలచినట్లు ఆకును మలచడం సాధ్యం కాదు. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా కత్తిరించిన ఆకు చుట్టుకొలత సుమారు 63 సెంటీమీటర్లు. నడుమ 5 సెంటీమీటర్ల వ్యాసార్ధం మేర అడుగుగా వదిలి, మిగిలిన భాగాన్ని నిలువుగా పైకెత్తితే, దొప్ప మూతికి కావలసినది సుమారు 31 సెంటీమీటర్లే. తక్కిన సగం ఎక్కడికి పోవాలి? కుచ్చిళ్ళలోకి. చీర కట్టులో వలెనే అదనపు భాగాన్ని మడతలలో దాచి, సన్నని వెదురు పుల్ల గుచ్చి నిలుపుతారు. పుల్ల ఊడితే మడత విప్పుకుంటుంది, దొప్ప మళ్ళీ ఆకైపోతుంది. యంత్రంపై వేడి అచ్చుతో ఒత్తిన దొప్పల అంచున కనిపించే ముడతలు సైతం లోపాలు కావు, అదే లెక్క.

పొట్లం దారి వేరు. కాగితం ఒక అంచుపై మరొక అంచు వచ్చేలా చుడితే చాలు, శంకువు సిద్ధం. కాని ఆ అతుకు దగ్గర ద్రవం కారుతుంది. ఒకే ఆకుతో చేసిన దొప్పకు అతుకు లేదు. అందుకే అందులో పాయసం నిలుస్తుంది. పుల్ల గుచ్చే చోటు మాత్రం అంచుకు దగ్గరగా ఉండాలి. ఎండిన ఆకు మడత వద్ద పగులుతుంది కనుక, ముందుగా నీరు చిలకరించి మెత్తబడనివ్వాలి.

పని త్వరగా సాగుతుందని పుల్లలకు బదులు స్టేప్లర్ పిన్నులు వాడడం ప్రమాదకరం: ముందు తినేవారి నోటికి, తరువాత ఎంగిలాకులు మేసే పశువుల కడుపుకు. ప్లాస్టిక్ పొర అతికించిన ఆకు పళ్ళేలు పేరుకే ఆకు పళ్ళేలు. ఆ పొర ఎరువుగా మారదు, కనుక వాటిని తడి చెత్తలో కలపరాదు. వెదురు పుల్లతో కుట్టిన దొప్పను పుల్లతో సహా తడి చెత్త బుట్టలో వేయవచ్చు.