శివారు జిల్లాయు, దాని వయస్సును

ఒక ప్రాంతమునకు బడు లెన్ని కావలెను, వైద్యశాల లెన్ని కావలెను అను చర్చ వచ్చినప్పుడు మన యధికారులు మొట్టమొదట నచ్చటి జనసంఖ్య యెంత యని యడుగుదురు. ప్రశ్న సరియైనదే కాని చాలదు. ఆ జనుల వయస్సెంత యను రెండవ ప్రశ్న నడుగువారు మాకు అరుదుగా కనబడుచున్నారు. హైదరాబాదునకు శివారుగా పెరిగిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాను నిదానించి చూచినవారికి ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యమని తోపక మానదు.

2016 అక్టోబరు 11 వ తేదీన రంగారెడ్డి జిల్లానుండి విడదీసి యీ జిల్లా నేర్పరచిరి. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ ప్రాంతమున ఇంచుమించు 24 లక్షల జనులుండిరి. వారిలో నూటికి తొంబదిమంది పట్టణవాసులే. పేరునకు జిల్లా యొక్కటే కాని దీని వయస్సు లనేకములు. 1967 లో ఎలక్ట్రానిక్సు కార్పొరేషను స్థాపితమైన పిమ్మట కుషాయిగూడ చుట్టుప్రక్కల నుద్యోగుల కాలనీలు లేచినవి. విశ్రాంతి గొన్న సైనికులు సైనిక్‌పురిలో నిండ్లు కట్టుకొనిరి. ఇట్టి కాలనీలలో ఒకే కాలమున వచ్చి దిగినవారు ఇంచుమించుగా సమవయస్కులు. వారి పిల్లలు ఒక్క దశాబ్దముననే బడికి పోయిరి; వారు నొక్క దశాబ్దముననే పించను పుచ్చుకొనుచున్నారు. అటు బాచుపల్లి, నిజాంపేటలకు పోయినచో క్రొత్త అపార్టుమెంట్లలో చంటిపిల్లల తల్లులును, వసతి కళాశాలలలో వేలకొలది విద్యార్థులును గన్పట్టుదురు. జీడిమెట్ల పారిశ్రామికవాడలో కుటుంబములను స్వగ్రామముల విడిచి వచ్చిన కార్మికులు కలరు. వీరందఱికి నొకే కొలతతో సౌకర్యములు పంచుట యెట్లు?

కూకట్‌పల్లి హౌసింగు బోర్డు కాలనీ సంగతి మఱియు విచిత్రము. మధ్యతరగతి గృహస్థులు దశాబ్దములక్రిందట ఇచ్చట నిండ్లు సంపాదించి పిల్లలను పెంచిరి. ఆ పిల్లలలో ననేకులు అమెరికాకో, బెంగుళూరికో పోయిరి. తరువాత మాదాపురమున సాఫ్టువేరు కార్యాలయములు వెలసి, కొలువునకును శిక్షణకును వచ్చిన యువకులతో కాలనీ మరల నిండినది. నేడు పెక్కిండ్లలో క్రింది వాటాయందు వృద్ధదంపతులు, పై యంతస్తులలో హాస్టలు. పై వారి నిమిత్తము టిఫిను బండ్లు, కర్రీ పాయింట్లు, లాండ్రీలు అడుగడుగున వెలసినవి. యువకుని చేతిలో జీతమున్నది గనుక వాని యవసరమును అంగడి కనిపెట్టినది. క్రింది వారికి కావలసినది వేఱు: మోటారు సైకిళ్లు నిలుపని కాలిబాట, తూలక కూర్చుండుటకు బల్ల, నెలనెల రక్తపుపోటు చూచి మందిచ్చు వైద్యుడు. ఇవి అంగడి సమకూర్చునవి కావు. పురపాలక సంఘము సమకూర్పవలసినవి. ఆ సంఘమునకో, ఆ యింట నెందఱున్నారో తెలియును గాని యెవరున్నారో తెలియదు.

ఇది యొక యధికారి దోషము కాదు, కొలబద్దలోని దోషము. 2013 లో నారంభమైన జాతీయ పట్టణ ఆరోగ్య పథకము 50,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రమను నియమము పెట్టినది. అంగన్‌వాడీ కేంద్రమునకు సయితము 400 మొదలు 800 వరకు జనాభా యని నియమము. ఆఱేండ్లలోపు శిశువులకై పెట్టిన కేంద్రమును ముదుసలులను గూడ కలిపి లెక్కించి స్థాపించుట యెట్టి న్యాయమో మాకు బోధపడలేదు!

జపానువా రీ పాఠమును మనకన్న ముందు నేర్చిరి. టోక్యో శివారున తామా నూతన నగరమునకు 1965 లో ప్రణాళిక నిశ్చయించి, 1971 నుండి కాపురములు పెట్టించిరి. వచ్చినవారిలో పడుచు దంపతులే మెండు. తొలుత పిల్లలకు బడులు చాలలేదు. పిమ్మట బడులకు పిల్లలు చాలక కొన్ని మూతపడినవి. లిఫ్టులేని అయిదంతస్తుల యిండ్లలో నాటి పడుచువారు ముసలివారై మెట్లు దిగలేకపోయిరి. సువా యను పేటలో 640 గృహముల సముదాయమును పడగొట్టి, 2013 నాటికి 1,249 గృహములుగా మరల కట్టిరి. అంతట పిల్లలుగల కుటుంబములు మరల వచ్చినవి. జపాను ధనికదేశ మైన పిదప ముసలిదైనది. మనకంత వ్యవధి దొరకునా యన్నది సందేహమే. 2019–21 కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున స్త్రీ యొక్కతెకు సగటున 1.8 సంతానము, తరము నిలుచుటకు 2.1 కావలెను. నేడు బాచుపల్లిలో శిశువిహారముల ముందు నిలిచిన బండ్ల వరుసను జూచి, ముప్పదియేండ్లకును అట్లే యుండునని తలచువాడు పొరబడును.

కావున శివార్లలో లేఅవుట్లు వేయు భూస్వాములకును, వానికి అనుమతి యిచ్చు సంఘములకును మేము మనవి చేయునది యిది. బడికని యొకటి, వైద్యమునకని యొకటి విడివిడిగా బిగించిన కట్టడములకంటె, నేడు శిశువులకును రేపు వృద్ధులకును పనికివచ్చు నేలమట్టపు మందిరము మేలు. ఉదయము అంగన్‌వాడీ, సాయంకాలము వృద్ధుల వైద్యము ఒక్క కప్పుక్రిందనే నడపవచ్చును. బడి మూతపడిన దినమున ఆ స్థలమును వేలము వేయుట కంటె తెలివితక్కువ పని మఱొకటి లేదు. నగరమున నమ్మిన స్థలము మరల దొరకదు.

లెక్కల మాట యొకటి మిగిలినది. 2021 లో జరుగవలసిన జనాభా లెక్కలు ఆగిపోయినవి. 2027 మార్చి 1 వ తేదీని ప్రమాణదినముగా నిర్ణయించి 2025 లో ప్రభుత్వము ప్రకటన గావించినది. 2011 లో వార్డులవారీగా ప్రచురించిన ముఖ్యపట్టికలో ఆఱేండ్లలోపు పిల్లల సంఖ్య కలదు గాని అఱువదేండ్లు దాటినవారికి వరుసయే లేదు. వయస్సు ప్రతియింటను వ్రాసికొందురు గనుక క్రొత్తగా నడుగవలసినది యేమియు లేదు. ఈసారి వార్డు పట్టికలో ఆ యొక్క వరుసను చేర్చి, దానిని తెలుగున నచ్చువేసి ప్రతి పురపాలక కార్యాలయమునందును నుంచవలెనని ప్రభుత్వమును కోరుచున్నాము.