ప్రిల్ మాత్ర, పొడి దగ్గు, ఒక అనుమానం

బీపీ మాత్రల స్ట్రిప్పు వెనక్కి తిప్పితే, రేకు మీద చిన్న అక్షరాల్లో మందు అసలు పేరు ఉంటుంది. రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్ లాగా చివర ‘ప్రిల్’ అని ఉంటే అది ఏస్ ఇన్హిబిటర్. టెల్మిసార్టన్, లోసార్టన్ లాగా ‘సార్టన్’ అని ఉంటే ఏఆర్‌బీ. ఊపిరితిత్తుల క్యాన్సర్ అనుమానం 2018లో పడింది ప్రిల్‌ల మీద.

ప్రిల్‌ల కథ పాము విషంతో మొదలవుతుంది. బ్రెజిల్‌లో కనిపించే జరరాకా పాము విషానికి బీపీని పడగొట్టే గుణం ఉంది. అందులోని పదార్థాల తీరు చూసి, స్క్విబ్ కంపెనీలో కుష్మన్, ఒండెట్టి క్యాప్టోప్రిల్‌ను రూపొందించారు. 1981లో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది. ఒంట్లో ఏస్ అనే ఎంజైమ్‌కు రెండు పనులు: రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్-2ను తయారుచేయడం, బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టడం. ప్రిల్ ఈ ఎంజైమ్‌ను అడ్డుకోగానే నాళాలు సడలి బీపీ దిగుతుంది. విరగకుండా మిగిలిన బ్రాడీకైనిన్ మాత్రం ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది.

కొందరిని వేధించే పొడి దగ్గుకు ముఖ్య కారణం ఇదేనంటారు. జలుబుండదు, జ్వరముండదు, కఫం పడదు. గొంతులో గరగర, ఆపైన తెరలు తెరలుగా దగ్గు. దగ్గు టానిక్కు సీసాలు ఖాళీ అవుతాయే తప్ప అది తగ్గదు. బ్రాడీకైనిన్‌ను అందుకునే గ్రాహకాలు కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల మీదా ఉంటాయి. ఆ కణాల పెరుగుదలకు అది ఊతమిస్తుందన్న ఆధారాలూ ఉన్నాయి. అనుమానానికి బీజం అక్కడే.

2018 నాటి ఆ అధ్యయనం కోసం కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్రిటన్ రోగుల రికార్డులు తిరగేశారు. 1995 నుంచి 2015 వరకు కొత్తగా బీపీ మందులు మొదలుపెట్టిన 9,92,061 మంది వివరాలవి. సార్టన్ వాడినవారితో పోలిస్తే ప్రిల్ వాడినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 14 శాతం ఎక్కువగా తేలింది. వాడకం అయిదేళ్లు దాటాక తేడా స్పష్టమైంది, పదేళ్లు దాటితే 31 శాతానికి చేరింది. శాతాలు వింటే గుండె గుభేలుమంటుంది. మనుషుల లెక్కలో చూస్తే, ఏటా వెయ్యి మందికి సార్టన్ వాడకంలో 1.2 కేసులు, ప్రిల్ వాడకంలో 1.6.

ఇక్కడే అసలు చిక్కు. ప్రిల్ వేసుకున్నవారు దగ్గుతారు, దగ్గినవారికి ఎక్స్‌రేలు, సీటీ స్కాన్‌లు తీస్తారు. మందుతో సంబంధం లేని గడ్డలు కూడా అలా ముందే బయటపడవచ్చు. అంటే ఆ దగ్గే ఈ అనుమానాన్ని నిరూపించనివ్వదు. పైగా రోగుల ఆర్థిక స్థితి, ఆహారం, కుటుంబంలో క్యాన్సర్ చరిత్ర ఆ రికార్డుల్లో లేవు. ఇలాంటి అధ్యయనం జతగా కనిపించే రెండింటిని చూపగలదు గానీ, ఒకటి రెండోదానికి కారణమని తేల్చలేదు.

సార్టన్‌లకూ నింద తప్పలేదు. 2010లో ఒక విశ్లేషణ వాటికీ క్యాన్సర్‌కూ ముడిపెట్టింది. మరిన్ని పరీక్షల వివరాలు కలిపి చూసిన అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ముప్పు పెరుగుతున్న దాఖలా లేదని 2011లో చెప్పింది. 2018లో వాల్సార్టన్ మాత్రలను వెనక్కి రప్పించిన వ్యవహారం వేరు. అక్కడ తప్పు మందుది కాదు, తయారీలో చేరిన ఎన్‌డీఎంఏ అనే మలినానిది.

అదుపు తప్పిన బీపీ పక్షవాతం, గుండెపోటు తెస్తుందనడంలో మాత్రం అనుమానమేమీ లేదు. అందుకే దగ్గు పట్టుకుంటే వైద్యులు మందు ఆపేయమనరు, ప్రిల్ బదులు సార్టన్ రాస్తారు. మాత్ర వల్ల వచ్చిన దగ్గయితే సాధారణంగా నాలుగు వారాల్లోపు సర్దుకుంటుంది, కొందరిలో ఇంకాస్త ఆలస్యం కావచ్చు. మాత్ర మారినా దగ్గు అలాగే ఉంటే, ముఖ్యంగా పొగతాగేవారిలో, ఛాతీ ఎక్స్‌రే తప్పదు.