లెక్కల సారు కూడా చదవడం నేర్పాల్సిందే!

ఐదో తరగతి వరకు పిల్లలకు దాదాపు అన్నీ ఒకే టీచర్ చెబుతారు. ఆరో తరగతికి రాగానే సబ్జెక్టుకొకరు వస్తారు. లెక్కలకు ఒక సారు, సైన్స్‌కు ఒక మేడమ్, సోషల్‌కు ఇంకొకరు. పుస్తకాలు లావవుతాయి, వాక్యాలు పొడుగవుతాయి, కొత్త పదాలు పేజీకి పది వస్తాయి. ఆ పేజీని ఎలా చదవాలో చెప్పే బాధ్యత మాత్రం ఎవరికీ ఉండదు. 'చదవడం లాంగ్వేజ్ టీచర్ల పని' అని మిగతావాళ్లు అనుకుంటారు. లాంగ్వేజ్ టీచరేమో తన పాఠం, తన పద్యం పూర్తి చేసుకునే తొందరలో ఉంటారు. ఈ సందులోనే చాలామంది పిల్లలు వెనకబడిపోతున్నారు.

సమస్య ఎంత పెద్దది?

గ్రామీణ భారతంలో పిల్లల చదువులపై సర్వేలు చేసే అసర్, 2023 నివేదిక కోసం 14 నుంచి 18 ఏళ్ల వారిని పరీక్షించింది. వారిలో దాదాపు 25 శాతం మంది తమ సొంత ప్రాంతీయ భాషలో రెండో తరగతి స్థాయి పాఠాన్ని కూడా తడబడకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క చేయగలిగింది 43.3 శాతం మందే. వీరిలో ఎక్కువమంది బడికో, కాలేజీకో వెళ్తున్నవాళ్లే.

ముస్లిం కుటుంబాలకు ఇది మరింత ముఖ్యమైన విషయం. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది అసలు బడి ముఖం చూడలేదు, లేదా మధ్యలో మానేశారని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. పాఠం అర్థం కాని పిల్లాడికి బడి బరువుగా మారుతుంది. ఆ తర్వాత షాపులోనో, మెకానిక్ షెడ్‌లోనో పని దొరికితే బడి మానేయడానికి పెద్ద కారణం అక్కర్లేదు.

చదవడం వేరు, అర్థం కావడం వేరు

ఈ తేడా ముస్లిం ఇళ్లలో అందరికీ తెలిసిందే. అరబీ అక్షరాలు వచ్చిన పిల్లలు ఖుర్ఆన్‌ను నాజిరాగా చక్కగా చదువుతారు. అర్థం తెలియాలంటే తర్జుమా కావాలి. బడి పుస్తకం విషయంలో మాత్రం గడగడా చదివేస్తే చాలు, వచ్చేసిందని అనుకుంటాం.

అమెరికా పరిశోధకురాలు జీన్ చాల్ 1983లో దీన్ని దశలుగా వివరించారు. సుమారు మూడో తరగతి వరకు పిల్లలు చదవడం నేర్చుకుంటారు. నాలుగు నుంచి నేర్చుకోవడం కోసం చదువుతారు. మొదటి దశ దాటిన పిల్లాడు రెండో దశలో దానంతటదే ముందుకెళ్తాడన్న గ్యారంటీ లేదు. అప్పటిదాకా బాగా చదివినవాడు కూడా ఇక్కడ ఆగిపోవచ్చు.

విషయం తెలిసి ఉండటం ఎంత ముఖ్యమో 1988లో వచ్చిన ఇంకో అధ్యయనం చూపించింది. రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు 64 మంది మిడిల్ స్కూల్ విద్యార్థులకు బేస్‌బాల్ ఆట గురించిన పాఠం ఇచ్చారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లల కంటే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. మన దగ్గర ఇదే పరీక్ష క్రికెట్ పాఠంతో పెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. అంటే సైన్స్ పాఠం అర్థం కావాలంటే ముందు కాస్త సైన్స్ తెలిసి ఉండాలి. అది చెప్పగలిగేది సైన్స్ టీచరే.

సబ్జెక్టును బట్టి చదివే పద్ధతి మారుతుంది

లెక్కల్లో చిన్న ప్రత్యయం కూడా జవాబును తలకిందులు చేస్తుంది. 800 రూపాయల చొక్కా ధర '20 శాతం తగ్గింది' అంటే 640 అయింది. '20 శాతానికి తగ్గింది' అంటే 160 అయింది. కథ చదివినట్టు వేగంగా చదివే పిల్లాడికి ఈ 'కి' కనబడదు. ఇంగ్లీష్ మీడియంలో 'బై', 'టు' దగ్గర ఇదే చిక్కు.

వడ్డీ లెక్క చూడండి. ఇంట్లో 'రెండు రూపాయల వడ్డీ' అంటే నూటికి నెలకు రెండు. పదివేలకు ఏడాదికి 2,400 కట్టాలి. పుస్తకంలో 'సంవత్సరానికి 2 శాతం' అంటే అదే పదివేలకు 200 మాత్రమే. 'సంవత్సరానికి' అనే ఒక్క మాట దాటేస్తే సూత్రం కంఠతా వచ్చినా లెక్క తప్పుతుంది.

సైన్స్‌లో అసలు ఇబ్బంది పదాలు. కిరణజన్య సంయోగక్రియ అని పదిసార్లు రాయిస్తే స్పెల్లింగ్ వస్తుంది. విడదీసి చెబితే అర్థం వస్తుంది: కిరణాల వల్ల పుట్టే, కలిపే పని. ఉర్దూలో జియాయీ తాలీఫ్. జియా అంటే వెలుగు, తాలీఫ్ అంటే కూర్చడం. ఇంగ్లీష్‌లో ఫోటో అంటే వెలుగు, సింథసిస్ అంటే కలిపి తయారుచేయడం. మూడు భాషలూ ఒకే సంగతి చెబుతున్నాయి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీష్ వినే పిల్లలకు ఇది భారం కాకుండా బలం కావచ్చు. ఎవరైనా ఒకసారి కలిపి చూపించాలి, అంతే.

సోషల్‌లో 'ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు' అన్న ప్రశ్న ముందు రావాలి. 1948 సెప్టెంబర్ 17ను కొందరు విమోచనం అంటారు, కొందరు విలీనం అంటారు, పాత తరం వాళ్లు పోలీస్ యాక్షన్ అంటారు. ఘటన ఒకటే, పేర్లు మూడు. ఏ పేరు ఎవరు వాడుతున్నారు, ఎందుకు అని అడగడం నేర్పితే పిల్లలు పుస్తకంతో పాటు వాట్సాప్ ఫార్వర్డ్‌ను కూడా జాగ్రత్తగా చదువుతారు.

ఇది కొత్త మాట కాదు

భాష నేర్పడం ప్రతి సబ్జెక్టు టీచర్ బాధ్యత అని బ్రిటన్‌లో బుల్లక్ కమిటీ 1975లోనే సిఫార్సు చేసింది. సైన్స్, సోషల్, లెక్కల క్లాసు కూడా భాషా తరగతేనని మన 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లీష్ మీడియం తెచ్చినప్పుడు, ఒక పేజీలో ఇంగ్లీష్, పక్క పేజీలో తెలుగు ఉండే పుస్తకాలు ఇచ్చారు. మంచి సదుపాయమే. కానీ రెండు పేజీలను పక్కపక్కన పెట్టి చదివించే పని క్లాసులో జరగకపోతే పిల్లలు ఒక పేజీనే చూస్తారు, రెండోది ఖాళీగా పోతుంది.

టీచర్ల అభ్యంతరం కూడా నిజమే. సిలబస్ పూర్తి చేయాలి, పరీక్షలు పెట్టాలి, ఇతర డ్యూటీలు ఉంటాయి. చదవడం నేర్పడానికి టైమ్ ఎక్కడిది? దీనికి వేరే పీరియడ్ అక్కర్లేదు. పాఠం మొదట్లో ఐదు నిమిషాలు ముఖ్యమైన నాలుగైదు పదాలు విడదీసి చెప్పొచ్చు. పేరా చదివించాక 'ఇందులో ఏం చెప్పారు, సొంత మాటల్లో చెప్పు' అనొచ్చు. 1984లో పాలిన్‌సార్, బ్రౌన్ అనే అమెరికా పరిశోధకులు ఏడో తరగతి పిల్లలతో ఇలాంటి పద్ధతి ప్రయత్నించారు. తర్వాత ఏం వస్తుందో ఊహించడం, ప్రశ్న వేయడం, అర్థం కానిది తేల్చుకోవడం, క్లుప్తంగా చెప్పడం. మొదట టీచర్ చేసి చూపిస్తారు, తర్వాత పిల్లలే వంతులవారీగా టీచర్ అవుతారు. అర్థం చేసుకునే శక్తి స్పష్టంగా పెరిగింది.

తల్లిదండ్రులు ఏం చేయొచ్చు?

అమ్మీ, అబ్బా పెద్దగా చదువుకోకపోయినా ఫర్వాలేదు. ఈ రోజు పాఠంలో ఏముందో ఇంట్లో మాట్లాడే భాషలోనే చెప్పమని అడగండి. చెప్పలేకపోతే చదివింది అర్థం కాలేదన్నమాట. గైడ్, క్వశ్చన్ బ్యాంక్ పరీక్ష ముందు రోజులకు దాచి, ముందు టెక్స్ట్‌బుక్ తెరిపించండి. పేరెంట్స్ మీటింగ్‌లో 'మార్కులెన్ని' అని అడిగాక ఇంకో ప్రశ్న కూడా అడగండి: 'సార్, మా పిల్లాడు మీ సబ్జెక్టు పుస్తకం తనంతట తాను చదివి అర్థం చేసుకోగలుగుతున్నాడా?' లాంగ్వేజ్ టీచర్‌ను ఒక్కరినే కాదు, లెక్కల సారును, సైన్స్ మేడమ్‌ను కూడా అడగండి.